బొట్టు పెట్టించుకున్న కెమెరా

ఆ రోజుల్లో ఫోటో దిగడం ఒక ఎత్తు, ఆ ఫోటోను కళ్లజూడడం ఇంకో ఎత్తు. రీలంతా అయిపోవాలి, మా బాపుకు తీరిక దొరకాలి, మలక్‌పేట స్టూడియోలో కడగడానికి ఇవ్వాలి. అవి చేతికొచ్చేసరికి ఫోటోలో వేసుకున్న లంగా నాకు పొట్టయిపోయి ఉండేది. అలాంటిది మా చిన్నాయన దుబాయ్ నుంచి సెలవు మీద వస్తూ, నొక్కగానే ఫోటోను బయటికి కక్కే కెమెరా తెచ్చాడనేసరికి దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనకాల మా గల్లీలో సగం మంది మా ఇంట్లోనే ఉన్నారు. నేనప్పుడు ఇంటర్ ఎంపీసీ. అంటే ఫ్యాన్ తిరక్కపోయినా, పాలు విరిగినా మా ఇంట్లో కారణం చెప్పాల్సింది నేనే.

చిన్నాయన బాపును నిలబెట్టి మీట నొక్కాడు. బుర్రుమంటూ కెమెరా ముందు నుంచి ఒక అట్టముక్క బయటికొచ్చింది. దాని మీద లేత ఆకుపచ్చ రంగు తప్ప ఏమీ లేదు. నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందిరా, గింత దూరం నుంచి ఉత్త కాయితం మోసుకొచ్చినవా?" అంది. కింది వాటాలో ఉండే మా ఇంటి ఓనరమ్మ గారిది భీమవరం వైపు. ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి, "అసలు కడక్కుండా ఫోటో ఎలా వస్తుందండీ? ఉండండి, బేసిన్‌లో నీళ్లు తెస్తాను" అని నిజంగానే తెచ్చేశారు. అందరూ నావైపు తిరిగారు. "లోపల రియాక్షన్ జరుగుతోంది" అన్నాను గంభీరంగా. "ఏం రియాక్షన్ బిడ్డా?" అన్నాడు బాపు. "కెమికల్ రియాక్షన్" అన్నాను. (నా దగ్గరున్న విజ్ఞానం అక్కడితో సరి.) ఇంతలో అట్టముక్క మీద ముందు బాపు మీసం తేలింది, తర్వాత చొక్కా, ఆఖరికి మనిషి. ఓనరమ్మ గారు బేసిన్ పక్కన పెట్టి రెండు చేతులూ జోడించారు.

ఇక అక్కణ్నుంచి మాకు ఫోటో మీద ఆశ లేదు, అది రావడం చూడాలనే ఆశ తప్ప. అలా చూడడం కోసం ఓనరమ్మ గారి ఫ్రిజ్‌ను తీశాం, బాపు స్కూటర్‌ను తీశాం, ఆవకాయ జాడీని కూడా వదల్లేదు. అన్నీ తేలేదాకా ఊపి ఊపి, తలకాయలు ఆనించి చూసి, తేలాక ఎక్కడో పడేశాం. నాయనమ్మ ఒక్కతే దిగలేదు. "గా మెరుపు నా కండ్లల్ల పడొద్దు, నన్ను దియ్యకుండ్రి" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయేది. చూడ్డానికి మాత్రం అందరికన్నా ముందు తలకాయ ఆమెదే.

(ఆ రియాక్షన్ ఏమిటో చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. సెలవులకు వెళ్లిన చోట ఒక సైంటిస్టును ఆయన చిన్న కూతురు, ఫోటో ఇప్పుడే ఎందుకు చూడకూడదు నాన్నా అని అడిగిందట. మా ఇంట్లో అడిగితే నోర్మూసుకోమనేవాళ్లు, ఆయన కూర్చుని ఆలోచించాడు. మొదట్లో వచ్చిన ఫిల్ములకు కాసేపాగి పైపొరను అరటితొక్కలా ఒలవాల్సి వచ్చేదట. తర్వాత ఒలిచే పని కూడా తప్పించి, అట్ట కింది అంచులోనే మందును చిన్న సంచిలో దాచారు. బయటికొచ్చేటప్పుడు రెండు రోలర్ల మధ్య అది చిట్లి ఫోటో అంతా పరుచుకుంటుంది. అంటే చపాతీ కర్ర పనే. ఆ మాట అప్పుడే తెలిసుంటే నాయనమ్మకు చిటికెలో చెప్పేదాన్ని.)

ఆఖరికి ఒకే ఒక్క ఫిల్ము మిగిలింది. కోఠి అంతా తిరిగినా అలాంటిది ఇంకోటి దొరకలేదు. అప్పుడుగానీ మాకు చిన్నాయన సంగతి గుర్తు రాలేదు. ఆయన దుబాయ్‌లో ఉండగా పుట్టిన పాపను ఆయన చూడడం ఈ సెలవులోనే. ఆయుధపూజ నాటి సాయంత్రం మళ్లీ ప్రయాణం. "నేను మల్లొచ్చేసరికి పిల్ల గిట్లనే ఉంటదా వదినా? గీ మొఖం నా తాన ఉండాలె" అన్నాడు మా అమ్మతో. ఆ మాటకు అందరికీ తప్పు చేసినట్టయింది. నేను కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆయుధపూజ రోజు నాయనమ్మ తాళం తీయించింది. మా ఇంట్లో ఆ రోజు పసుపూ కుంకుమా తగలని సామాను ఉండదు. స్కూటర్ హెడ్‌లైటుకు, మిక్సీకి, కత్తిపీటకు, నా కాలిక్యులేటర్‌కు కూడా బొట్టే. సాయంత్రం ఆటో వచ్చి నిలబడింది. చిన్నాయన పాపనెత్తుకుని నిలబడ్డాడు, పక్కన చిన్నమ్మ. కెమెరా నా చేతికిచ్చారు. నేను కెమెరా వెనకున్న చిన్న కిటికీలోంచి చూస్తున్నాను కాబట్టి నాకేమీ తెలియలేదు. ఎదురుగా ఉన్న వాళ్లంతా చూశారు, ఒక్కరికీ వింతగా అనిపించలేదు. "బొట్టు పెట్టాక కెమెరాకు ఎంత కళొచ్చిందో!" అన్నారు ఓనరమ్మ గారు. నేను నొక్కేశాను.

అందరం గుమిగూడాం. ఆకుపచ్చ పోయింది, ఎరుపు వచ్చింది. ఇంకా ఎరుపే. ఆ ఎర్రటి మసకలో ఒక భుజం లాంటిది, ఒక చిన్న తలకాయ లాంటిది, అంతే. కెమెరాను నావైపు తిప్పుకుని చూస్తే సరిగ్గా లెన్సు అద్దం నడుమన నాయనమ్మ పెట్టిన బొట్టు. "మొఖం ఏడుంటే బొట్టు ఆడనే గద వెట్టాలె" అంది నాయనమ్మ. అన్నదే గానీ కొడుకు మొహం చూసి, "అయ్యో, నా చేతులిరగ!" అని అరుగు మీద కూలబడింది. చిన్నాయన ఆమె పక్కన కూర్చుని, "ఏం గాదమ్మా, ఇంకా ఒస్తది. జర టైం పడ్తది" అని దాన్ని జేబులో పెట్టుకుని ఆటో ఎక్కాడు. ఆ తర్వాత ఆయన సెలవు మీద వచ్చినప్పుడల్లా, "ఫోటో ఒచ్చిందా చిన్నాయనా?" అని ఆటపట్టించడం మాకు అలవాటైంది.

మొన్న ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఆనాటి పాప తన కూతురికి మొదటి పుట్టినరోజు చేసింది. గుమ్మం దగ్గర బల్ల మీద గులాబీ రంగు చిన్న కెమెరా. ఎవరి ఫోటో వాళ్లు అప్పటికప్పుడు తీసుకుని ఆల్బంలో అంటించాలట. పోయిందనుకున్నది మళ్లీ ఫ్యాషనై వచ్చింది. నాది రాగానే పాత అలవాటుగా ఊపడం మొదలుపెట్టాను. "అక్కా, ఊపకు! ఖరాబైతది" అంది ఆనాటి పాప. పక్కనే కూర్చున్న చిన్నాయన నవ్వి, పర్సులోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అట్టముక్క తీశాడు. "ఇంకా రాలేదా?" అన్నాను అలవాటుగా.

"ఎందుకు రాలె? గీ ఎర్రగున్నది జూడు, మా అమ్మ ఏలు. అమ్మ ఒక్క ఫోటన్న దిగిందా? గిదొక్కటే."

నాయనమ్మ పోయినప్పుడు దండ వేయడానికి ఒక్క ఫోటో లేక గోడ దగ్గర ఉత్త దీపం పెట్టాం. ఆమె కొడుకును, కోడలిని, మనవరాలిని తన వేలి కింద దాచుకుని ఇన్నేళ్లూ ఈ పర్సులో ఉంది. ఎంపీసీ చదివిన దాన్ని, నాకు తట్టనే లేదు.

కళ్లు తుడుచుకుని నా చేతిలోని కొత్త ఫోటో చూసుకున్నాను. నెరిసిన జుట్టుతో, లావు కళ్లద్దాలతో ఎవరో పెద్దావిడ మెల్లగా తేలుతోంది. తాళం చెవి గుప్పిట్లో పెట్టుకుని తిరిగిన ఆ ఇంటర్ పిల్ల మాత్రం ఎక్కడా కనబడలేదు. జర టైం పడుతుందేమోనని, ఆల్బంలో అంటించకుండా ఇంకాసేపు పట్టుకునే నిలబడ్డాను.