ఎర్రది వెలిగితే తొక్కాలి

మేంగ్ దూసిక్‌కి డెబ్బై నాలుగేళ్లు. కొరియాలోని బూసాన్ ఊరి కొండరోడ్ల మీద సొంత టాక్సీ నడిపి నడిపి నడుం పట్టేసింది, ఓపిక అరిగిపోయింది. అయినా స్టీరింగు వదలడు. వదిలితే ఇంట్లో గోడలతో మాట్లాడుకోవాలి. భార్య పోయాక ఆ గోడలూ పలకడం మానేశాయి. ముసలి డ్రైవర్లకి పెట్టే చురుకుదనం పరీక్ష ఒకసారి తప్పాడు. మళ్లీ తప్పితే టాక్సీ ఇంక లేనట్టే.

పేటలోని వృద్ధుల కేంద్రంలో ఒక ఆట ఉంది, దాంతో కాలూ బుర్రా చురుకెక్కుతాయని ఎవరో చెబితే వెళ్లాడు. నలుగురు నాలుగు గాజుపలకల ముందు నిలబడతారు. పలక ఎర్రగా వెలిగితే మిగతావాళ్లకన్నా ముందు కుడికాలితో తొక్కాలి. పచ్చగా వెలిగితే కదలకూడదు. ముసలి కళ్లకి ఎరుపు బాగా ఆనుతుందని అలా పెట్టారట. పెట్టిన మహానుభావుడు జన్మలో బండి తోలినట్టు లేడు.

దూసిక్ ఎర్రది చూసి రాయిలా నిలబడేవాడు, పచ్చది చూసి ధన్‌మని తొక్కేవాడు. పక్కపలక మీద ప్యో మల్యన్ ఉండేది. చేపల రేవులో ఒక జీవితకాలం చేపలు ఏరిన మనిషి, ఆ ఆటలో ఆవిడకి ఎదురులేదు.

"పచ్చది చూసి పరుగెందుకన్నా? వెనక ఎవరైనా హారన్ కొట్టారా?" అంది.

"ఎర్రది పడితే కాలు బిగుసుకుపోతోంది చెల్లెమ్మా. ఏళ్లనాటి అలవాటు."

"ఆలోచించకు, తొక్కు. చేపని చూసి నేను ఆలోచిస్తూ కూర్చుంటే అది కుళ్లిపోయేది."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. దూసిక్‌ది నెల్లాళ్లలో పోయింది. పొద్దుటి బేరాలు అయ్యాక, కాళ్లు పీకుతున్నా, రోజూ వెళ్లి పలక మీద నిలబడ్డాడు. ఇంట్లో సోయా పులుసు తాగుతూ కూడా బల్లకింద కాలు ఆడించాడు. విసుగొచ్చింది, మానెయ్యాలనిపించింది, మానలేదు. చివరికి పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం మల్యన్‌ని ఓడించాడు. ఎర్రది వెలగడం, కాలు పడటం ఒక్కసారే. ఆవిడ మూతి ముడుచుకుంటూనే చేతిలో ఉన్న కాల్చిన చిలగడదుంపలో సగం విరిచి ఇచ్చింది.

చాలా కాలానికి అతనికి సంతోషం వేసింది. మీటరు వెయ్యకుండా ఇంటిదగ్గర దింపుతానన్నాడు. ఆవిడ వెనకసీట్లో కూర్చుని, రేపు పరీక్ష పెట్టేవాళ్లనీ ఇలాగే గడగడలాడించమంది.

బడి మలుపులో ఎర్రలైటు పడింది. దూసిక్ కాలు వెంటనే తొక్కింది, కానీ బ్రేకుని కాదు.

బండి ఒక్క ఉరుకు ఉరికింది. అతనికి తెలివొచ్చి బ్రేకు మీద నిలబడేసరికి, బంపరు ముందు పసుపుసంచి తగిలించుకున్న పిల్ల ఉంది. టాక్సీతాత తనకోసమే ఆగాడనుకుంది పాపం. బళ్లో నేర్పినట్టు నడుం వంచి దణ్ణం పెట్టి, రోడ్డు దాటి వెళ్లిపోయింది.

"ఆట ఒంటబట్టింది అన్నా," అంది మల్యన్ నెమ్మదిగా.

దూసిక్ బండిని పక్కకి తీశాడు. ఇంజను ఆపి, టాపు మీది దీపం ఆర్పేశాడు.

"పరీక్ష రేపేగా?" అంది ఆవిడ.

"రేపు పాసవుతాను చెల్లెమ్మా. అదే నా భయం."

బండికి తాళం వేసి, తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు, తాను అడిగినా ఇవ్వొద్దన్నాడు. ఇద్దరూ నడిచి బస్సెక్కారు. దూసిక్‌కి డ్రైవరు వెనకసీటు దొరికింది. బస్సు కొండ దిగుతుంటే ముందు ఎర్రలైటు పడింది. డ్రైవరు ఆపాడు. దూసిక్ కుడికాలు కూడా దానంతటదే నేలని గట్టిగా నొక్కింది.

బ్రేకు అనుకుని నొక్కిందో, పలక అనుకుని నొక్కిందో అతనికి తెలియలేదు.