రేవణ్ణ జీపు పాటలు

జహీరాబాద్ పాత బస్టాండు పక్కన బాబా మియాకు ఒకప్పుడు క్యాసెట్లు నింపే దుకాణం ఉండేది. వేరే దుకాణాల్లో జనం పాటల పేర్లు రాసిచ్చి నింపించుకునేవారు. ఆయన దగ్గరికి వచ్చే జీపు డ్రైవర్లు మాత్రం తాము తిరిగే దారి చెప్పేవారు. గుంతలు ఎక్కడ, రైలు గేటు ఎక్కడ, జనం ఎక్కడెక్కడ ఎక్కుతారు, అన్నీ అడిగి తెలుసుకుని ఆయన పాటలు పేర్చేవాడు. మూసి ఉండే గేటు దగ్గరికి పొడుగాటి ఖవ్వాలీ రావాలి. ఒళ్లు హూనమయ్యే గుంతల్లో డప్పు పాట పడాలి. ఉర్దూ, తెలుగు, కన్నడ, మరాఠీ కలిసిపోయి ఉండాలి. జీపులో కూర్చునేవాళ్లూ అలాగే ఉండేవారు మరి.

న్యాల్‌కల్ దారిలో జీపు నడిపిన రేవణసిద్ధప్ప, అందరికీ రేవణ్ణ, ఆయనకు ప్రాణస్నేహితుడు. పోయిన వానాకాలంలో గుండె ఆగి చనిపోయాడు. భార్య శివమ్మ ఇక షోలాపూర్‌లో కూతురి దగ్గర ఉండటానికి వెళ్లిపోతోంది. వెళ్లేముందు వచ్చి ఒక్కటే అడిగింది.

"బాబన్నా, గా తొవ్వల ఆయన జీపు పాటలు ఒక్కపారి ఇనాలని ఉంది. మా ఊరి మలుపుకాడ కన్నడ పాట వస్తుండె సూడు, స్టీరింగ్ మీద తాళం కొట్టెటోడు. గది గాడనే ఇనాలె."

"గదెంత పని వదినా," అన్నాడు బాబా మియా.

ఎంత పనో ఆ వారమంతా తెలిసొచ్చింది. క్యాసెట్లన్నీ ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టుకున్నాడు. అవన్నీ పెన్‌డ్రైవులో వేసి అల్లుడు సోహెల్ కొత్త కారుకు తగిలిస్తే, ఉర్దూలో రాసుకున్న పేర్లు తెర మీద గళ్లు గళ్లుగా కనిపించాయి. ఒకటో పాట తర్వాత పదోది వచ్చింది, ఆ తర్వాత నూరోది. మధ్యలో వేరే జీపుల పాటలు దూరాయి.

"ఒకటి తర్వాత రెండని బడికి పోని నాకే ఎరుక. గింత పెద్ద కారుకు తెల్వదా?" అన్నాడు బాబా మియా.

"రేవణ్ణ చాచా పాటలే ఎక్కియ్యున్రి మామూ. దుకాణం మొత్తం ఎందుకు?"

"దుకాణం కాదు. నా జిందగంత గండ్లనే ఉంది."

రెండు రోజులు అల్లుడితో మాట్లాడలేదు. చివరికి కూతురు షగుఫ్తా రేవణ్ణ పాటలు విడిగా తీసి, అంకెల ముందు సున్నాలు చేర్చి ఇచ్చింది. వరస కుదిరింది.

శుక్రవారం నమాజు అయ్యాక బయల్దేరారు. శివమ్మ ముందు సీట్లో కూర్చుంది. జీపులోనూ ఆమె చోటు అదే. బస్టాండు దాటేటప్పుడు మొదటి పాట సరిగ్గానే వచ్చింది. రైలు గేటు మాత్రం తెరిచే ఉంది. కారు జర్రున దాటేసింది. ఖవ్వాలీ ఎక్కడో చెరుకు తోటల మధ్య మొదలైంది. డప్పు పాట నున్నటి తారు రోడ్డు మీద వచ్చింది.

"జర మెల్లగ పో," అన్నాడు బాబా మియా వెనక సీట్లోంచి ముందుకు వంగి.

"ఇంకెంత మెల్లగ మామూ? ఎనక ట్రాక్టరోడు గూడ హారన్ కొడుతున్నడు."

శివమ్మ నవ్వింది. "ఆయన గిట్ల పోతుండెనా బాబన్నా. ఎవ్వలు చెయ్యెత్తితే గాడ ఆపుతుండె."

బాబా మియాకు అప్పుడు తట్టింది. తాను పాటలు పేర్చింది దారికి అనుకున్నాడు ఇన్నేళ్లూ. నిజానికి జీపు పైన మూటలు కట్టడానికి, దూరం నుంచి ఉరికొచ్చేవాళ్ల కోసం ఆగడానికి పేర్చాడు.

"ఆపు," అన్నాడు.

సోహెల్ ఆపాడు. రోడ్డు పక్కన అల్లం మూటతో నిలబడిన ఒకామె వచ్చి తలుపు మీద చెయ్యి వేసింది. "న్యాల్‌కల్ పోతదా?"

"ఇది సర్వీసు బండి కాదమ్మా."

"ఎక్కు," అని బాబా మియా తలుపు తీశాడు.

మూటకు తడిమట్టి అంటుకుని ఉంది. "సీట్లు మామూ," అన్నాడు సోహెల్ గొంతు తగ్గించి.

"రేపు కడుక్కుందాం. వదిన రేపు ఉండది."

ఇంకా రెండు మూడు చోట్ల ఆగారు. ఎక్కేవాళ్లు లేకపోయినా ఆగారు. దారి, పాటలు ఒకదాన్నొకటి అందుకుంటున్నాయి. మలుపు కనబడేసరికి కన్నడ పాట మొదలైంది. శివమ్మ నిటారుగా కూర్చుని డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టింది. మొదటి మాట పూర్తి కాలేదు, పాట ఆగిపోయింది. ఫోన్‌లో షగుఫ్తా గొంతు కారంతా నిండింది. వచ్చేటప్పుడు పాలు తేవాలట.

"ఈడ దొరకయి బిడ్డా," అంది వెనకనుంచి అల్లం మూటామె.

సోహెల్ ఏదేదో నొక్కి ఫోన్ కట్ చేసేలోపు మలుపు దాటిపోయింది. స్టీరియో మళ్లీ మొదటి పాట అందుకుంది. బాబా మియా సీటును గుద్దాడు.

"ఎనకకు తీసి గా పాట ఒక్కటే పెడుత మామూ," అన్నాడు సోహెల్.

"పెట్టుడు కాదు బిడ్డా, మలుపుకాడ అదే రావాలె," అంది శివమ్మ.

"అయితే బండి తిప్పు. బస్టాండు కాడికెంచి మళ్ల వద్దాం," అన్నాడు బాబా మియా.

"పొద్దుగూకుతుంది మామూ."

"ముందుగాల ఈమెను న్యాల్‌కల్‌ల దింపు," అంది శివమ్మ. డ్యాష్‌బోర్డు మీది చెయ్యి తీసి సోహెల్ ముందు చాపింది. "నీ ఫోన్ బంద్ చేసి ఇటియ్యి."

సోహెల్ ఫోన్ ఆపి ఆమె చేతిలో పెట్టాడు.