పొక్లెయిన్‌కి కప్పిన బొంత

మా చిన్నప్పుడు... కొల్లేరు పొంగిందంటే ఊరంతా దిబ్బ ఎక్కేసేవాళ్లం. గొడ్లు, కోళ్లు, బియ్యం కుండలు, పిల్లలం... నీళ్లు తీసేదాకా అందరికీ అదే ఇల్లు. చలికి నేనూ, పెద్దిరాజూ ఒకే బొంతలో దూరేవాళ్లం. వాళ్లమ్మ మంగమ్మ పిన్ని పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత. తడిసిన కోడిపిల్ల కూడా మా మధ్యే...

రెండు వేల సంవత్సరం దాటాక, ఆ దిబ్బనే తవ్వించి మట్టి అమ్మడానికి బేరం పెట్టాడు పెద్దిరాజు. అప్పటికి ఊరికి పెద్దమనిషి. రోడ్లకి మట్టి కావాలట... అది అభివృద్ధి అట. మరి వరదొస్తే ఎక్కడికెక్కాలి? నేను అర్జీలు పట్టుకుని ఏలూరు ఆఫీసుల చుట్టూ తిరిగాను. కూర్చోండి అన్నవాడు లేడు. ఊళ్లో మగాళ్లేమో "పెద్దాయనతో మనకెందుకండీ" అని తప్పుకున్నారు. వాళ్ల పేర్లన్నీ నాకింకా గుర్తే.

ఒక మధ్యాహ్నం పొక్లెయిన్ వచ్చి దిబ్బ మొదట్లో ఆగింది. డ్రైవరు భోజనం చేసి వచ్చేసరికి, ఊళ్లో ముసలమ్మలంతా దాని బకెట్ చుట్టూ చేరి బొంతలు కప్పేస్తున్నారు! ఇంటికో బొంత. ఒకదానికొకటి కలిపి, ఇనప పళ్లు కూడా కనబడకుండా చుట్టి కుట్టేస్తున్నారు.

"ఇదేంటండీ మామ్మగారూ?" అన్నాడు పాపం.

"చలేస్తోంది బాబూ దీనికి. కాసేపు పడుకోనీ" అంది చర్చి పక్కింటి మార్తమ్మ, కుట్టు మీంచి తలెత్తకుండా.

అతనికి నవ్వాగలేదు. తాళం జేబులో వేసుకుని నీడకెళ్లి కూర్చున్నాడు.

పెద్దిరాజు జీపులో దిగాడు. "కోసిపారెయ్యండి!" అని అరిచాడు. ఎవరూ కదలకపోతే తనే కత్తి పట్టుకుని ముందుకొచ్చి... ఆగిపోయాడు. ఎదురుగా కూర్చుని కుడుతున్నది వాళ్లమ్మే.

"రా నాయనా" అంది మంగమ్మ పిన్ని. "ఈ అంచు నా పెళ్లిచీరది, ఇక్కణ్ణించి మొదలెట్టు. ఆ మధ్యది నీ ఉయ్యాల గుడ్డ, అది చివర్లో కొయ్యి."

"అమ్మా, లే. జనం చూస్తున్నారు."

"చూడనీరా. ఉయ్యాల్లో బట్టల్లేకుండా ఉన్నప్పుడూ చూశారుగా!"

ముసలమ్మలు పగలబడి నవ్వారు. కత్తి ఎప్పుడు జీపులోకి వెళ్లిపోయిందో ఎవరూ చూళ్లేదు.

ఇక రోజూ తిరునాళ్లే... కుట్లు, పాటలు, ఉప్పుచేపల పులుసు. పక్క లంక ఊళ్ల నుంచి కూడా ఆడాళ్లు బొంతలతో దిగారు. చివరికి కాంట్రాక్టరే వచ్చి, "విప్పండమ్మా, నా మిషను నేను తీసుకుపోతాను" అని బతిమాలాడు. ఒక్క చీరా చిరగకుండా కుట్లు విప్పి, ఎవరి బొంత వాళ్లు మడిచి చంకన పెట్టుకెళ్లారు.

మొన్న పెద్దిరాజు ఇక్కడే పోస్టు పెట్టాడు... "మా హయాంలో దిబ్బను కాపాడుకున్నాం" అని. ఎన్నో చరిత్ర పుస్తకాలు చదివాను. గెలిచినవాళ్లు గొప్పలు రాసుకోవడం చూశాను. ఓడినవాడు రాసుకోవడం మాత్రం ఇదే చూడ్డం!

పిన్ని లేదు, మార్తమ్మ లేదు. ఊళ్లో ఇప్పుడు బొంత కుట్టే చెయ్యి ఒక్కటీ లేదు... అన్నీ కొన్న దుప్పట్లే. దిబ్బ మాత్రం ఉంది. ముసురు పట్టిందంటే మొదట దానెక్కేది పెద్దిరాజు కారే.

మీ ఊళ్లోనూ ఇలాంటి అమ్మలుంటే పేర్లు కింద రాయండి... వాళ్ల కొడుకులు ఆ ఘనత తమ పేర రాసేసుకోకముందే.