కింది దవడా, మొదటి పాఠమూ

నవంబరు 16, శనివారం, సాయంత్రం ఐదున్నర. తార్నాకలో మా ఇంటి ముందుగది. హాజరైనవారు: మా సంఘం పాస్టరుగారు, సంఘ కార్యదర్శి, నా భార్య, నేను. విషయం: ఆదివారం ఆరాధనలో మొదటి పాఠం ఇకపై నేను చదవవచ్చునా, కూడదా.

డైరీలో ఇలాగే రాసుకున్నాను. యూనివర్సిటీ లైబ్రరీలో ముప్ఫై ఏళ్లు కేటలాగు కార్డులు రాసినవాణ్ణి. ఎవరు, ఎప్పుడు, ఏ విషయం అన్నవి ముందు పెట్టకపోతే నాకు తరువాతి వాక్యం రాదు. ప్రసంగానికి ముందు బైబిల్లోంచి చదివే ఆ పాఠాన్ని ఇరవై రెండేళ్లుగా నేనే చదువుతున్నాను. జ్వరంతో చదివాను. మా అమ్మను సమాధి చేసిన మర్నాడు కూడా చదివాను.

గొడవ వేసవిలో మొదలైంది. పాఠం చదివి వేదిక పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి ప్రసంగం మధ్యలో నిద్రపోయాను. పక్కనే మైకు. నా గురక బయట చెప్పులు విడుస్తున్నవాళ్లకు కూడా వినపడిందట. అందరూ నవ్వారు, నా భార్య తప్ప. రాత్రిళ్లు నా గురక ఉన్నట్టుండి ఆగిపోవడం, దానితోపాటు ఊపిరీ ఆగి, కాసేపటికి ఎగబీల్చుకుంటూ లేవడం ఆమె చాలాకాలంగా చూస్తోంది. "గురక పెడితే నాకు దిగుల్లేదండీ. ఆగితేనే భయం" అని నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

ఛాతీ డాక్టరు ఇంటికి చిన్న యంత్రం ఇచ్చి పరీక్షించి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బని తేల్చాడు. ముక్కుకు గాలి మాస్కు తగిలించుకుని రెండు వారాలు ప్రయత్నించాను. నిద్ర పట్టలేదు. అప్పుడాయన పళ్ళ డాక్టరు దగ్గరికి పంపాడు. గురకకు పళ్ళ డాక్టరేమిటని వాదించాను కూడా. ఆ పళ్ళ డాక్టరమ్మ నా చెవుల ముందు వేళ్లు పెట్టి, నోరు తెరిపించి, మూయించి, "కుడివైపు కీలు టిక్కుమంటోంది అంకుల్, మెల్లగా చేద్దాం" అంది. పళ్ళకు అచ్చులు తీసి, రాత్రి పెట్టుకునే తొడుగు చేయించింది. అది కింది దవడను కొంచెం ముందుకు పట్టి ఉంచుతుంది. అప్పుడు నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డుపడదు. పొద్దున తొడుగు తీశాక దవడ మళ్ళీ వెనక్కి సర్దుకోవడానికి ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ల కూడా ఇచ్చింది. దాన్ని పావుగంట కొరికిపట్టి ఉంచాలి.

గురక తగ్గింది. పగటి కునుకులు పోయాయి. కానీ పై పళ్ళూ కింది పళ్ళూ పొద్దుటిపూట సరిగా కలవక, ఆదివారం చదివేటప్పుడు మాట ముద్దముద్దగా రావడం మొదలైంది. పాస్టరుగారూ కార్యదర్శీ ఆ శనివారం మా ఇంటికి వచ్చింది అందుకే.

కార్యదర్శి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయినవాడు, నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. చాయ్ కప్పు కింద పెట్టకుండానే అన్నాడు: "సార్, తప్పుగ అనుకోకుండ్రి. పోయిన ఆదివారం మీరు చదివింది ఒక్క ముక్క సమజ్ కాలే. తాత నోట్ల చాక్లెట్ పెట్టుకున్నడా అని నా మనుమరాలు అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఏమంట సార్? ఉండొచ్చు అన్న."

పాస్టరుగారు నవ్వు ఆపుకుని, "కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి అంకుల్. సంఘం యూత్‌లో పాఠం చదవగల పిల్లలున్నారు" అన్నారు.

విశ్రాంతి అనే మాట నాకు పడదు. "శనివారం రాత్రి ఒక్కటీ తొడుగు మానేస్తాను. ఆదివారం మాట తేటగా వస్తుంది" అన్నాను.

"మానెయ్యండి," అంది నా భార్య వంటింటి గుమ్మంలోంచి. "మీ ఊపిరికి తెల్లవార్లూ ఎవరు కాపలా కాస్తారో అది కూడా డైరీలో రాసుకోండి."

నేను లేచి డైరీ తెచ్చి పాస్టరుగారి చేతిలో పెట్టాను. తొడుగు పెట్టుకున్న ప్రతి రాత్రీ, బిళ్ల కొరికిన ప్రతి ఉదయమూ అందులో ఉన్నాయి. నా వైపు నుంచి నిర్లక్ష్యం లేదని వాళ్లు చూడాలి. ఆయన మర్యాదకు రెండు పేజీలు తిప్పారు. తరువాత నా భార్య తీసుకుని చూసింది. ప్రతిరోజూ ఒకటే రాత: ఐదున్నర నుంచి ఐదు నలభై ఐదు.

"ఒక్కరోజైనా నలభై ఆరు లేదేమండీ?"

"పావుగంట అంది కదా డాక్టరు."

"ఇంచుమించు పావుగంట, వెనక పళ్ళు కలిసేదాకా అంది. నేను పక్కనే ఉన్నాను. మీరు గడియారం చూసుకున్నారు, పళ్ళు చూసుకోలేదు."

కార్యదర్శి పగలబడి నవ్వాడు. "మా వర్క్‌షాప్‌ల గిట్ల టైము చూసి నట్టు బిగిస్తే, చక్రం ఊడి కాచిగూడ దాంక దొర్లుతుండె సార్!"

నాకు మండింది. తప్పు నాదే కనుక మరింత మండింది. "ఈ రాత్రి తొడుగు పెట్టుకునే నిద్రపోతాను, రేపు పాఠమూ నేనే చదువుతాను. రెంటిలో ఏదీ వదలను" అన్నాను.

"రేపటి పాఠం చూసిండ్రా సార్? వంశావళి. అన్నీ పేర్లే, నోరు తిరగని పేర్లు."

"చూశాను. ఒక్క పేరు కూడా దాటెయ్యను."

పాస్టరుగారు ఇద్దరినీ చూసి, "రేపటికి అంకుల్ చదువుతారు. తరువాతి సంగతి తరువాత" అని లేచారు.

మర్నాడు ఐదింటికే లేచాను. చేతి గడియారం ఇంట్లో వదిలేసి, బిళ్ల కొరికిపట్టి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడిచాను. నడకకు వచ్చినవాళ్లు పలకరిస్తే చెయ్యి ఊపాను గానీ నోరు తెరవలేదు. ఆర్ట్స్ కాలేజీ దాటి వెనక్కి తిరిగేటప్పుడు బిళ్ల తీసి చూసుకుంటే కుడివైపు పళ్ళు ఇంకా కలవలేదు. మళ్ళీ కొరికిపట్టి లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాను. బాగా వెలుగొచ్చాక తీసి చూస్తే కలిశాయి. బిళ్లను డబ్బాలో పెట్టి, పేర్లన్నీ పైకి చదివాను. మెట్ల మీద పడుకున్న కుక్క విసుక్కుని లేచి వెళ్లిపోయింది.

ఎనిమిదింటి ఆరాధనలో చదివాను. ఒకచోట నాలుక తడబడింది. ఆగి, ఆ పేరు మళ్ళీ పలికి, చివరిదాకా వెళ్లాను. తరువాత వేదిక పక్క కుర్చీలోనే కూర్చుని ప్రసంగమంతా మెలకువగా విన్నాను.

బయటికి వస్తుంటే కార్యదర్శి పక్కకు చేరాడు. "సార్, ఒక్క పేరు తప్పిండ్రు."

"తప్పాను. సరిచేశాను. ఆ ఒక్కటి పట్టుకున్నావంటే మిగతావన్నీ నీకు తేటగా వినపడ్డట్టేగా? వచ్చే ఆదివారం కూడా నేనే చదువుతున్నాను. పాస్టరుగారికి నువ్వే చెప్పు."