కరెంటు పోయినప్పటి కవిత్వం

తొలివానకు గోడల మీది దూదిధూళి తడిసి, దానిలోంచి పాత నూనె వాసన లేచింది. ముంబయి దగ్గరి మా మగ్గాల ఊరు భివండీలో వానాకాలం మొదలైందని నాకు చెప్పేది ఆ వాసనే. కనేరి పేటలోని మా కిరాణా దుకాణం అరుగు మీద కూర్చుని దాన్ని పీల్చిన ప్రతిసారీ నర్సయ్య సారు గుర్తుకు వస్తారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి, ఇక్కడి తెలుగు బడిలో పాఠాలు చెప్పినవారు. ఋతువుల మీద మూడు పాదాల కవిత రాయడం నాకు నేర్పింది ఆయనే.

మరమగ్గాలను మేము సాంచాలంటాం. అవి నడుస్తున్నంతసేపు పక్కమనిషి మాట కూడా వినపడేది కాదు. అందువల్ల సారు నడిపే కవితా సభకు తేదీ అంటూ ఉండేది కాదు. కరెంటు పోయి సాంచాలన్నీ ఆగితే అదే పిలుపు. తొలివానకు కరెంటు ఎలాగూ పోయేది కనుక ఆనాడు మాత్రం సభ తప్పేది కాదు. కార్మికులు, దుకాణదారులు బడి మెట్ల మీదికి చేరేవారు. కరెంటు తిరిగి వచ్చేలోపు అందరూ చదివేయాలి కనుక మూడు పాదాలు మించరాదని నియమం. ఎవరు వచ్చారో, ఏం చదివారో రాసిపెట్టే పని నాది. సాంచా నడిపే మల్లేశం ఎప్పుడూ తొందరపెట్టేవాడు: "సార్, జల్ది కానియ్యున్రి! లైట్ వచ్చిందంటే సేటు మొత్తుకుంటడు."

"నీ సేటును గూడ తోల్కరా. ఆయనతోని గూడ మూడు లైన్లు రాయిస్త," అనేవారు సారు.

మొదటిసారి నేను మామిడిపూత, కోయిల పెట్టి కవిత తెచ్చాను. సారు చివరిదాకా విని, "ఏంది శేషయ్యా, కనేరిల కోయిల ఎప్పుడు కూసింది? నీ ఒక్కని చెవులనే కూసిందా?" అన్నారు. మెట్ల మీద అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చి, అసలు ఇక్కడ ఋతువులెక్కడున్నాయని ఎదురడిగాను. "సాంచా కాడ నిలబడి చూడు. ఏం మారిందో గది రాయి," అన్నారు. ఆ చలికాలం మల్లేశం పక్కన నిలబడి చూసి ఇది రాసుకొచ్చాను:

పొడిగాలి మొదలైంది
నేలకు నీళ్లు తాపితేనే
తెగకుండా సాగే పోగు

"ఇగో, గిది మన చలికాలం," అన్నారు సారు. అంతటి మెప్పు నాకు మళ్లీ దొరకలేదు.

తర్వాత తెలుగు తరగతులు మూసేశారు. పిల్లలు లేరన్నారు. మున్సిపాలిటీకి అర్జీ మీద అర్జీ పెట్టి, ప్రతిదానికీ నకలు ఉంచుకున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఒక భాష చదువును ఆపేసేవారు కనీసం అర్జీకి బదులైనా ఇవ్వవద్దా? మా వీధి సాంచాలు కూడా ఒక్కొక్కటే పాత ఇనుము కింద పోయాయి. మల్లేశం ఊరి చివర అంజూర్ ఫాటాలో గోదాము పనికి చేరాడు. అక్కడ కరెంటు పోయినా మూటలు మోయాల్సిందే. మెట్ల మీద మనుషులు తగ్గుతుంటే సారు అనేవారు: "రాసెటోడు ఎట్లనన్న రాస్తడు శేషయ్యా. వినెటోడు ఒక్కడన్న ఉండాలె. వాడు గూడ లేకపోతే ఎవలికోసం?"

ఆయన చూసిన ఆఖరి తొలివాననాడు మేమిద్దరమే మిగిలాం. మంచం పట్టిన ఆయన దగ్గరికి నేనే వెళ్లాను. కిటికీ అవతల ఖాళీ షెడ్డు తడుస్తోంది. గదిలో బల్బు వెలుగుతూనే ఉంది. కళ్లు మూసుకుని చదివారు:

తొలివాన వచ్చింది
ఆగడానికి
ఒక్క సాంచా లేదు

"మళ్లీ చదవండి సార్," అన్నాను.

"ఎవలున్నరు? నువ్వొక్కనివే గద. నీకు వినవడ్డది," అన్నారు.

చలికాలం రాకముందే ఆయన పోయారు. కాలం మారినప్పుడల్లా ఏం మారిందో చూడకుండా నేనిప్పటికీ ఉండలేను. చూస్తాను, రాస్తాను. మొన్న మనవరాలిని కూర్చోబెట్టి తొలివాన మీద రాసింది ఒకటి చదివాను. "తాతా, నాకు సమజ్ కాలే. మరాఠీల చెప్పు నా," అంది. చెప్పబోయాను. మరాఠీ మాటలు వచ్చాయి, వాన రాలేదు. పాప మర్యాదగా కాసేపు చూసింది.

"అయిపోయిందా తాతా?"

అయిపోయిందన్నాను.