ఒక కుట్టుమిషను, నాలుగు ప్రభుత్వాలు

ఆ రోజుల్లో రాజ్యం ఎలా నడపాలో నాకు తెలిసినంత బాగా మరొకరికి తెలియదని నా గట్టి నమ్మకం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, నా కింద ఒక రాజ్యం కాదు గదా ఒక కోడిపెట్ట కూడా లేదు. అయినా ఆ నమ్మకానికి ఒక కారణముంది. అరవై తొమ్మిదిలో నేను పదో తరగతిలో ఉండగా తెలంగాణ ఉద్యమం వచ్చి, జనగామలో మా బడి నెలల తరబడి మూతపడింది. అన్నలు ఊరేగింపులకు పోయారు, ఆడపిల్లనని నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు. ఇంట్లో ఉన్నవి రెండే పుస్తకాలు. ఒకటి పంచాంగం, దాన్ని నాయిన ఎవరి చేతికీ ఇవ్వడు. రెండోది మా పెద్దన్న బి.ఏ.లో చదివిన రాజనీతిశాస్త్రం. ఆ ఏడాదంతా దాన్నే నాలుగుసార్లు చదివాను. రాజరికం, ప్రజాస్వామ్యం, సామ్యవాదం, అరాచకవాదం అన్నీ నోటికొచ్చేశాయి. మంచి పాలన లక్షణాలనైతే బియ్యం ఏరుతూ రాగం తీసి మరీ అప్పజెప్పేదాన్ని: అందరి మాట వినుట, దాపరికం లేకుండుట, చేసిన పనికి జవాబు చెప్పుట, బలహీనులకు ముందు అందుట. (మా అవ్వ అదేదో స్తోత్రమనుకొని పక్కనే చేతులు జోడించి కూర్చునేది.)

ఇంత జ్ఞానంతో నాకు గ్రామసేవిక ఉద్యోగం వచ్చింది. మానుకోట అవతల, గూడూరు దిక్కున అడవి అంచున ఒక ఊళ్లో వేశారు. ఆడవాళ్లను కూడగట్టి మహిళా మండలి పెట్టడం, వాళ్లకు కుట్లు, అల్లికలు, పిల్లల పోషణ నేర్పించడం నా పని. అవి ఎమర్జెన్సీ రోజులు. ఊరి జనం నన్ను చూస్తే ఏ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లెక్క అడుగుతానోనని తలుపులు వేసుకునేవారు. అద్దెకు తీసుకున్న గదిలో నాకు నేనే వండుకొని, నాకు నేనే వడ్డించుకొని, పొద్దుగూకగానే ఏడుపు మొదలుపెట్టేదాన్ని.

అట్లా ఏడ్చి మొహం కడుక్కుంటున్న ఒక సాయంత్రం వాకిట్లోకి వచ్చింది అద్దాలక్క. వాగవతలి లంబాడీ తండా ఆమెది. తన రవికెకు, పేటియా లంగాకు అద్దాలు తానే కుట్టుకునేది, వాటి మీద ఎండపడితే మా గది గోడంతా మెరిసేది. అందుకే ఊరంతా ఆమెను ఆ పేరుతోనే పిలిచేవారు. నాకన్నా పదేళ్లు పెద్దది.

"కండ్లు గట్ల ఉబ్బినయేంది చెల్లె? ఎవలన్న ఏమన్న అన్నరా?" అని అడిగింది.

"ఎవరూ ఏమీ అనలేదక్కా."

ఆమె గడప మీద కూర్చొని, "గదేనా బాధ?" అంది.

ఏడుపులోంచి నవ్వొచ్చింది. ఆనాటి నుంచి రోజూ వచ్చేది. ఒక్కోసారి జొన్నరొట్టె తెచ్చేది, ఒక్కోసారి ఏమీ తెచ్చేది కాదు. గడప మీద కూర్చొని సూది ఆడిస్తూ, నేను చెప్పే రాజనీతిశాస్త్రమంతా వినేది. "గా రాజులకు గిదే పనా, చెల్లె?" అని మధ్యలో అడిగేది. ఆమెకు అర్థమయిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. నాకు కావలసింది వినేవాళ్లు.

కొన్నాళ్లకు ఊళ్లో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకొని ఎలాగో మండలి నిలబడింది, దానికి పంచాయతీ సమితి జీపులో కుట్టుమిషను వచ్చింది. ఊళ్లో అదే మొదటి మిషను. దాన్ని ఎక్కడ పెట్టాలని నేను ఆలోచించేలోపే ఊరి పెద్ద భూముల ఇంటి ఇల్లాలు పటేలమ్మ మనిషిని పంపి ఇంటికి తెప్పించుకుంది. "మా ఇంట్ల భద్రంగుంటది బిడ్డ. ఎవలద్దన్నరు, వచ్చి కుట్టుకోమను" అంది. ఎవరూ రాలేదు. ఆ గడప ఎక్కడమంటే చెప్పులు ఎక్కడ విడవాలి, ఎక్కడ నిలబడాలి, ఎంతసేపు నిలబడాలి అని వంద ఆలోచనలు. మిషను మీద పువ్వుల దుప్పటి కప్పి, దాని మీద పటేలమ్మ తమలపాకుల పళ్లెం పెట్టుకునేది. నేను ఇంటికొచ్చి మండలి మినిట్సు పుస్తకం తీసి, పెద్దన్న పుస్తకంలోని భాషలోనే రాశాను: "ప్రస్తుతము రాజరికము నడుచుచున్నది."

రాజరికాన్ని ప్రజాస్వామ్యంతో కూల్చాలని వెంటనే ఓటింగు పెట్టాను. పద్దెనిమిది మంది సభ్యులు, అందరి ముందూ పద్దెనిమిది చిప్పలు. మిషను ఎవరింట్లో ఉండాలనుకుంటే వాళ్ల చిప్పలో చింతగింజ వేయాలి. అర్ధగంట ఉపన్యాసం చెప్పి, నేనూ ఒక గింజ వేశాను. అందరం కలిసి లెక్కపెట్టాం. ప్రతి ఆమె తన చిప్పలోనే వేసుకుంది. పదిహేడు చిప్పల్లో ఒక్కో గింజ, పటేలమ్మ చిప్పలో రెండు. ఆ రెండోది నాది. (మర్నాడు మంచినీళ్లకు ఆమె బావి దగ్గరికే కదా పోవాలి.) అట్లా నా ఓటుతో పటేలమ్మ మెజారిటీ మీద గెలిచింది. మిషను దుప్పటి కిందే ఉండిపోయింది.

ఈ కథంతా అద్దాలక్కకు చెప్పి నవ్విద్దామని ఎదురుచూశాను. ఆమె రాలేదు. మర్నాడూ రాలేదు. నాలుగో రోజు నేనే వాగు దాటి పోయాను. గుడిసె ముందు మిరపకాయలు ఆరబోస్తూ, తలెత్తకుండానే అంది: "ఓట్లు పెట్టినవట."

"పెట్టానక్కా. ఏమైందనుకున్నావు..."

"మా తండోళ్లను పిలువలే గద."

పిలవకూడదని అనుకోలేదు, పిలవాలన్న సంగతే తోచలేదు. అందరి మాట వినుట అని రాగం తీసి పాడినదాన్ని, ఆ ఊళ్లో నా మాట విన్న ఒకే ఒక్క మనిషిని లెక్కలోంచే వదిలేశాను. క్షమించమని అడగడం కూడా సరిగ్గా రాక, "మిరపకాయలు బాగా ఎండినయి" అన్నాను.

"గవి ఇయ్యాల్నే పోసిన" అంది అద్దాలక్క. తర్వాత జరిగి, చాప మీద నాకు చోటిచ్చింది.

ఇక సామ్యవాదమొక్కటే శరణ్యమనుకున్నాను. తండా ఆడవాళ్లను పేర్లు రాసి సభ్యుల్లో చేర్చాను. మిషను ఎవరిదీ కాదు, అందరిదీ, ఇంటికి ఒక రోజు చొప్పున తిరగాలి అని తీర్మానం చేశాం. పటేలమ్మ అలిగింది గానీ, "మల్ల మా వంతు ఎప్పుడొస్తది?" అని మాత్రం అడిగి పెట్టుకుంది. పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్లు మిషనును పెండ్లికూతురిలా మోసుకొని ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి పోయేవారు. అది కుట్టింది తక్కువ, తిరిగింది ఎక్కువ. ఒక ఇంట్లో సూది విరిగింది, ఒక ఇంట్లో మేక బెల్టు నమిలింది. నేనేమో శిక్షణలో నేర్చుకున్న కుట్టు కాస్తా మరిచిపోయి, దారం ఎక్కించబోయి రెండుసార్లు వేలు కుట్టుకున్నాను.

మిషను తండాకు చేరిన రోజు అద్దాలక్క దాని చుట్టూ తిరిగి తిరిగి చూసింది. చక్రం తిప్పింది, విప్పింది, నూనె వేసింది, పాత తోలు ముక్కతో బెల్టు కట్టింది. సాయంత్రానికి జుయ్యిమని కుట్టింది. మర్నాడు మిషనును తీసుకుపోవాల్సిన వంతు ఎవరిదో ఆమె వచ్చి, "జర నా రవికె కూడ కుట్టిపెట్టరాదు అక్క, మిషన్ గీన్నే ఉండనీ" అంది. ఆ తర్వాతి ఆమె కూడా అదే మాటంది. నెల తిరిగేసరికి ఎవరూ వంతు అడగడం లేదు. గుడ్డలు పట్టుకొని వాగు దాటి పోతున్నారు, కుట్టించుకుంటున్నారు, పక్కన కూర్చొని నేర్చుకుంటున్నారు. ఎవరూ నిర్ణయించలేదు, ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఇది ఏ పాలన కిందికి వస్తుందో పుస్తకమంతా వెతికాను. ప్రభుత్వమే లేకుండా జనం తమంతట తాము నడుపుకునే వ్యవస్థ ఒకటి కనబడింది. సంతోషంగా రిజిస్టరులో రాసి కింద గీత గీశాను: "రాజరికము కూలినది. సామ్యవాదము విఫలమైనది. నేటి నుండి అరాచకవాదము అమలులో నున్నది."

సరిగ్గా ఆ వారమే తనిఖీకి మా పై అధికారి, ముఖ్యసేవిక వచ్చింది. కోస్తా జిల్లా ఆవిడ, ఇస్త్రీ చీర, నల్ల కళ్లజోడు. నా గదిలో కూర్చొని రిజిస్టరు తిరగేస్తూ తిరగేస్తూ ఒకచోట ఆగిపోయింది. కళ్లజోడు తీసి మళ్లీ చదివింది.

"ఏమ్మాయ్, ఇదంతా నువ్వే రాశావా?"

"నేనేనండి."

"బుద్ధుందా నీకు? బయట రోజులెలా ఉన్నాయి? ఈ అడవి పక్కన, ప్రభుత్వ రిజిస్టర్లో, రాజరికం కూలింది, అరాచకవాదం వచ్చింది అని రాస్తావా? ఇది ఎవడైనా చూస్తే నీకోసం సమితి జీపు కాదు, వేరే జీపు వస్తుంది. నీతోపాటు నాకోసం కూడా వస్తుంది."

అంతవరకూ ఆ ఆలోచనే రాలేదు నాకు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆవిడ రిజిస్టరు చంకలో పెట్టుకొని, "పద, మిషను చూపించు" అంది. వాగులో చీర తడుపుకుంటూ నా వెనకే వచ్చింది. తండాలో పందిరి కింద మిషను నడుస్తోంది, చుట్టూ పదిమంది ఆడవాళ్లు. నులకమంచం మీద పటేలమ్మ కూర్చొని, మనుమరాలి గౌనుకు గుండీలు కుట్టుకుంటోంది. ఆమె వాగు దాటి వస్తుందని నాకే తెలియదు.

"ఈ మండలిని నడిపేది ఎవరు?" అని గట్టిగా అడిగింది ముఖ్యసేవిక.

అద్దాలక్క ప్రశ్న మిషను గురించే అనుకుంది. "ఎవలు నడుపుడు లేదమ్మ. కాలుతోని తొక్కుతే అదే నడుస్తది" అంది.

ముఖ్యసేవిక నవ్వు ఆపుకోవాలని చాలా ప్రయత్నించింది గానీ మొదట పటేలమ్మ నవ్వేసింది, తర్వాత అందరూ నవ్వేశారు. టీ తాగాక ఆవిడ ఆ పేజీలు చించి అద్దాలక్క పొయ్యిలో పెట్టింది. దాపరికం లేకుండుట అన్న లక్షణం నా కళ్ల ముందే కాలిపోయింది. ఆవిడ చెబుతుండగా కొత్త పేజీలో నేను రాసిన వాక్యం ఒక్కటే: "సభ్యుల సౌకర్యార్థము మిషను స్థలము మార్చబడినది."

మూడేళ్లకు నన్ను భూపాలపల్లి వైపు బదిలీ చేశారు. బయలుదేరే రోజు అద్దాలక్క, "బస్సు కాడికి రాను చెల్లె. వస్తే నువ్వేడుస్తవు, బస్సుల అందరు చూస్తరు" అంది. నిజంగానే రాలేదు. నేను నిజంగానే ఏడ్చాను, అందరూ చూశారు. మళ్లీ వస్తానని మాటిచ్చి, పెళ్లి, పిల్లలు, ప్రమోషన్ల మధ్య వాయిదా వేస్తూ వచ్చాను.

ఎనభైల్లో ఒక వేసవిలో రెండు బస్సులు మారి పోయాను. అప్పటికి నేనే ముఖ్యసేవికను. అద్దాలక్క గుడిసెలో కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఉంది. "గాళ్లు లేరమ్మ. పనికి పోయిన్రు. కొందరు పట్నమంటరు, కొందరు బొంబాయంటరు. ఎవలకు తెల్వది" అంది. నీళ్లిచ్చి, "మీరు ఏం పని మీద వచ్చిన్రు?" అని అడిగింది.

ఆమెను చూడాలనిపించి వచ్చానని చెబితే అయిపోయేది. కానీ నా నోట, "ఆఫీసు పని. ఊరికే విచారణకు" అని వచ్చింది. ఆ పిల్ల మొహం పాలిపోయింది. "ఏం తప్పు చేసిన్రమ్మ గాళ్లు?" అని గాబరా పడింది. ఏ తప్పూ చేయలేదని, చాలా మంచి మనిషని ఆ పిల్లకు నచ్చజెప్పేసరికి తిరుగు బస్సు వేళయింది.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం గుర్తొస్తే నవ్వొస్తుంది. చంకలో ఫైలు, చేతిలో నీళ్ల చెంబు, ఎండలో నిలబడి అబద్ధం చెబుతున్న ఆ లేడీ ఆఫీసరు కనబడుతుంది. ఆమె పక్కకు పోయి మోచేత్తో ఒక్క పోటు పొడిచి, ఉన్నమాట చెప్పవే, చూడాలనిపించింది అని చెప్పు, అనాలనిపిస్తుంది.