చిన్నాన్న వంకర కర్ర

పోయిన వారం నా భుజం నొప్పికి వ్యాయామం చేయించే అమ్మాయి, "చిన్నప్పుడు గానీ తర్వాత గానీ ఏదైనా ఆట ఆడేవారా అండీ?" అని అడిగింది. బూమరాంగ్ అన్నాను. ఆ అమ్మాయి తల ఎత్తకుండా కంప్యూటర్లో బ్యాడ్మింటన్ అని కొట్టుకుంది. అది చెరిపించి సరైన మాట రాయించేదాకా నేను చెయ్యి ఎత్తలేదు. పాతికేళ్ళు కాలేజీలో పౌరశాస్త్రం చెప్పినదాన్ని, నా పేరు మీద తప్పుడు సమాచారం ఎక్కితే ఊరుకుంటానా? అప్పుడు తల ఎత్తింది. "విసిరితే తిరిగొస్తుందంటారే, అదా? నిజంగా వస్తుందా అండీ?" అంది. చెయ్యి ఎత్తుతూ నవ్వుకున్నాను. పన్నెండేళ్ళ వయసులో ఆ ప్రశ్న నేనూ అడిగాను, ఇంత మర్యాదగా కాదు.

అడిగింది మా చిన్నాన్నని. మా నాన్న తమ్ముడు. ఒంగోలుకీ గుంటూరుకీ మధ్య, పత్తీ మిరపా తప్ప కంటికి మరొకటి ఆనని ఊళ్ళో, మిషన్ హైస్కూలులో డ్రిల్లు మాస్టారు. ఈల మెడలో వేసుకుని పుట్టాడేమో అనిపించే మనిషి. స్కూలు లైబ్రరీలో ఏదో పాత పుస్తకంలో బూమరాంగ్ బొమ్మ చూసి, విరిగిపోయిన క్యారమ్ బోర్డు చెక్కతో ఒకటి చేశాడు. రెండు రెక్కలు, మధ్యలో మోచేతి వంపు, పైవైపు ఆకురాయితో గుండ్రంగా రాచి, కిందివైపు చదునుగా వదిలేశాడు. ఒక తెల్లవారుజామున ఒంటరిగా విసిరితే అది గాల్లో చుట్టు తిరిగి తన చేతుల్లోకే వచ్చిందట. ఆ సంగతి క్రిస్మస్ ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో అందరికీ చెబుతుంటే నేను అడ్డుపడ్డాను. "ఎవరు చూశారు చిన్నాన్నా? సాక్షి ఎవరు?" అని. అందరూ పకపకా నవ్వారు. రోషమొచ్చి ఆయన అక్కడికక్కడే ఇంటి నుంచి కర్ర తెప్పించి విసిరాడు. అది సోకుగా వెళ్ళి పక్క పత్తి చేలో పడింది. ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరు కోతలు కోసినా, "మాస్టారి కర్రలా ఉందిరా నీ మాట" అనడం మామూలైపోయింది. ఆయన దాన్ని నవ్వుతూనే భరించాడు. అబద్ధమాడని మనిషికి అబద్ధాలకోరన్న పేరు, పెట్టింది నేను. నాకప్పుడు ఆ సంగతి తట్టలేదు. గెలిచానని గంతులేశాను.

ఇది జరిగిన ముప్పై ఏళ్ళ పైచిలుకు తర్వాత పిన్నికి మోకాలి ఆపరేషన్ అయింది. చూసుకోవడానికి నేను కాలేజీకి సెలవు పెట్టి ఆ ఊరు వెళ్ళాను. మిరప కోతలు ఇంకా మొదలుకాని చలి రోజులు. పిన్ని వసారాలో మంచం మీద నుంచి ఊరంతటినీ ఏలుతోంది. చిన్నాన్న మాత్రం కొత్తగా గోడలు తడుముకుంటూ నడుస్తున్నాడు. నీటికాసులు. కంటి నరం ఎండిపోతోందన్నారు డాక్టర్లు. ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కొంచెం కనిపిస్తుంది, అటూ ఇటూ ఏమీ లేదు. ఆ కొంచెమైనా ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు.

రెండో రోజు పొద్దున్నే ఆయన ఒక గుడ్డసంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. అందులో అయిదు బూమరాంగులున్నాయి. ఇన్నేళ్ళూ చేస్తూనే ఉన్నాడన్నమాట. "అమ్మాయ్, నా భుజం అరిగిపోయింది, కన్ను ఆరిపోతోంది. నువ్వు విసురు. ఇంకో మనిషి ఉండగా అది తిరిగి రావడం నేను ఒక్కసారి చూసి పోవాలి," అన్నాడు. నేనే ఎందుకన్నాను. "నువ్వు ఒప్పుకుంటే ఊళ్ళో ఇంక కాదనేవాడుంటాడా?" అన్నాడు. మంచం మీద నుంచి పిన్ని, "దానికి వంట రాదు, విసరడం మాత్రం బాగా వచ్చు, తీసుకుపో," అని దీవించింది.

ఊరి బయట చిన్నాన్న పొలంలో మిరప కల్లం, దాన్ని ఆనుకుని ఆ ఏడు బీడు పెట్టిన ఎకరం. కల్లం అంటే కాయలు ఎండబోసే నేల. చెక్కేసి, నీళ్ళు చల్లి, తొక్కించి, గచ్చులాగా చేస్తారు. ఒకసారి కాయలు పోశారంటే వేసవి దాకా అక్కడ మనిషి అడుగు పెట్టకూడదు. పొలం కౌలుకు చేసే రైతు మొదటి రోజే గడువు పెట్టేశాడు. "రెండు వారాలక్కా. తర్వాత కాయ దిగుద్ది. మీ ఆటలు అప్పటికి కట్టిపెట్టాల." వేసవి దాకా చిన్నాన్న కన్ను ఆగుతుందో లేదో. అంచేత మాకున్నవి ఆ రెండు వారాలే.

మొదటి నాలుగు రోజులు నేను విసిరిన ప్రతిదీ మిరప చేలోకి పోయింది. గొడ్డలి పట్టినట్టు నిటారుగా పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. గుండ్రటి వైపు నీ మొహానికి ఉండాలన్నాడు, ఉంచాను. మణికట్టు విదిలించమన్నాడు, ఇల్లు దులిపిన చెయ్యి కాబట్టి బాగానే విదిలించాను. అది మాత్రం పెళ్ళిచూపుల నుంచి తప్పించుకున్నవాడిలా వెనక్కి చూడకుండా పోయేది. నేను మిరప మొక్కల్లో దూరి వెతకడం, రైతు గట్టు మీద నిలబడి, "కొమ్మలు ఇరుగుతున్నయ్ అక్కా, ఒక్కో కొమ్మా లెక్కే!" అని అరవడం, నేను ఇంకా గట్టిగా తిరిగి అరవడం. నాలుగో రోజు నాకు విసుగొచ్చింది. నా వెనక పది అడుగుల దూరంలో నిలబడ్డ చిన్నాన్నతో, తిరిగి రావడానికి వీలుపడే వస్తువైతే ఈపాటికి వచ్చేదని, భౌతికశాస్త్రం దీనికి ఒప్పుకోదని, ఆ శాస్త్రంలో నాకు అత్తెసరు మార్కులొచ్చిన సంగతి దాచి, ఓ ఉపన్యాసం ఇచ్చాను. ఆయన చెవి ముందుకు పెట్టి విన్నాడు. తర్వాత, "ఇవాళ నీకు గొంతు పోయిందా తల్లీ?" అన్నాడు.

"పోలేదే, అరుస్తూనే ఉన్నాగా!"

"మరి సగమే వినబడుతోందేం? ఇంట్లో నీ నోటికి నా చెవులు గింగురుమంటాయి." చెవి అటూ ఇటూ తిప్పాడు. "గాలికి ఎదురుగా ఉన్నావనుకున్నా, వీపు పెట్టి నిలబడ్డావు కదూ! నీ మాటలన్నీ అవతలికి కొట్టుకుపోతున్నాయి."

నిజమే. పెట్టాను, నాలుగు రోజులుగా. ఎందుకు పెట్టనూ? మా మైదానంలో పుట్టినవాళ్ళకి నడక కంటే ముందు వచ్చే పాఠం అదే. పత్తికి మందు కొట్టేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడకూడదు, మొహాన పడుతుంది. మందు డబ్బాలకు నీళ్ళు మోసిన పిల్లలం మేము. చేతిలో ఏది ఉన్నా, దాన్ని ముందుకు వదలాలంటే కాళ్ళు వాటంతటవే గాలికి వీపు తిప్పుకుంటాయి. ఇంతకంటే విచిత్రం, చర్చి ఆవరణలో ఆనాడు చిన్నాన్న కూడా అలాగే నిలబడ్డాడట. కంగారులో అలవాటే గెలిచిందని ఈ కల్లంలోనే ఒప్పుకున్నాడు.

జేబులోంచి చిటికెడు పత్తి తీసి, దూది పోగు లాగి వదిలాడు. అది ఈశాన్యం నుంచి వచ్చి మమ్మల్ని దాటిపోయింది. "అది వచ్చిన వైపు మొహం పెట్టు. ఇప్పుడు సగం కుడికి తిరుగు. దూరంగా కనబడే ఆ తాటి తల మీదికి విసురు." విసిరాను. అది వెళ్ళింది, ఎడమకు ఒరిగింది, వంగింది, వంగుతూ వంగుతూ మా వైపు మొహం తిప్పింది. మాకు ముప్పై అడుగుల అవతల బీడులో పడిందనుకోండి, అది వేరే సంగతి. చేతిలోంచి పోయినది వెనక్కి చూసింది!

ఆ తర్వాత వారం నా అసలు శత్రువు గాలి కాదు, నా మెడ. కర్ర దగ్గరికి వచ్చేసరికి తల దాచుకునేదాన్ని. "వాదనలో ఎవడికీ వంగవు, చెక్కముక్కకి వంగుతావేం?" అని చిన్నాన్న ఎగతాళి. రెండు అరచేతులూ ఒకటి పైన, ఒకటి కింద పెట్టి, కీర్తనకు చప్పట్లు కొట్టినట్టు దాన్ని మధ్యలో మూసెయ్యాలి. ముంజేతికి తగిలింది, ముక్కుకు తగిలింది. పదో రోజు పొద్దున ఠప్ మని చప్పుడైంది. కళ్ళు తెరిచి చూస్తే కర్ర నా చేతుల మధ్య ఉంది. "పట్టాను! పట్టాను చిన్నాన్నా!" అని కేకలు పెట్టాను. ఆయన వేరే వైపు చూస్తున్నాడు. ఆయన గొట్టంలోకి అది రాలేదు. నెమ్మదిగా ఇటు తిరిగి, "ఎవరు చూశారమ్మా? సాక్షి ఎవరు?" అన్నాడు. చిలిపిగానే అన్నాడు. నిజం చెప్పి నమ్మించలేకపోవడం అంటే ఏమిటో నలభై ఆరేళ్ళకి తెలిసింది నాకు.

గడువు చివరి రోజు వచ్చింది. రైతు మొదటి బస్తాలు దించాడు. కాయలు పోయడానికి కూలీలు గట్టు మీద కూర్చున్నారు. "ఒక్కటి, అంతే అక్కా," అన్నాడు రైతు. నేను చిన్నాన్నని నా వెనక కాకుండా, కర్ర ఎప్పుడూ వచ్చి ఆగే చోట నిలబెట్టాను. తల కదపొద్దని, ఎదురుగా ఆకాశంలోకే చూస్తుండమని గద్దించాను. ఆయన జీవితంలో నా మాట ఎదురు చెప్పకుండా విన్నది అదొక్కసారే. దూది పోగు వదిలాను. విసిరాను.

అది వెళుతున్నప్పుడు ఫర్ ఫర్ మని చప్పుడు చేసింది. కుడి చివరకు పోయేసరికి చప్పుడు సన్నబడింది. మిరప చేను మీద ఎక్కడో ఎండ తగిలి ఒకసారి మెరిసింది, ఎడమకు పడవలా ఒరిగి చుట్టు తిరిగింది. ఇక దారి అంతా అదే వెతుక్కుంటున్నట్టు వస్తోంది. దగ్గరికి వచ్చి వేగం తగ్గించింది. వెల్లకిలా పడుకుంది. చిన్నాన్న ఛాతీ ముందు, గాల్లో, తిరుగుతూ, ఏమీ పట్టుకోకుండా ఆగింది. ఒట్టు, ఆగింది. ఆయన చూశాడు. చూసిన సంగతి ఆయన పెదవుల్లో తెలిసింది. ఈల ఊదడానికి సిద్ధమైనట్టు గుండ్రంగా అయ్యాయి. చేతులు రెండూ ఠప్ మని మూసుకున్నాయి.

రైతు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎందుకో అతనికీ తెలియదు. చిన్నాన్న కర్రని చెంపకు ఆనించుకున్నాడు. "నేను చూశాను చిన్నాన్నా, అందరికీ చెబుతాను," అన్నాను, గొంతు పూర్తిగా ఉపయోగించి. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నాకు నువ్వు చూస్తే చాలమ్మా," అన్నాడు. తర్వాత కల్లం దిగి, "పొయ్యండయ్యా కాయలు," అన్నాడు కూలీలతో. మేం గట్టు ఎక్కి తిరిగి చూసేసరికి మేం నిలబడ్డ చోటంతా ఎర్రగా అయిపోయింది.

ఆ వేసవికి ఆయన కన్ను పూర్తిగా పోయింది. ఆరేళ్ళయింది. ఇప్పటికీ ఆ గాల్లో ఆగిన ముక్క తలుచుకుంటే నా మాటలకు తడబాటు వస్తుంది. అది వెళ్ళి రావడానికి తొమ్మిది అంకెలు లెక్కపెట్టేంత సేపు పట్టింది. ఆయన మాట నా దగ్గరికి వచ్చి చేరడానికే ముప్పై నాలుగేళ్ళు.